రెండు దీవులు, రెండు తండాలు

నాలుగో సాలు సగానికి వచ్చేసరికి కమ్లి కళ్ళు మండిపోతున్నాయి. మిరప ఘాటు ముక్కులోంచి గొంతులోకి దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంటే మంట ఇంకా ఎక్కువవుతుందని ముప్పై ఏళ్ళుగా తెలిసినా, తుడుచుకోకుండా ఉండటం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.

చేలో ఆమెతోపాటు ఏడుగురు ఆడవాళ్ళు వంగి కాయలు ఏరుతున్నారు. పినపాక దాటి అడవిని ఆనుకుని ఉన్న ఆ వాగు తండాలో మిరప ఏరినందుకు ఒకరికొకరు డబ్బులు ఇచ్చుకోరు. ఇవాళ ఏడుగురూ కమ్లి చేలో ఏరితే, కమ్లి ఒక్కొక్కరి చేలో ఒక్కోరోజు ఏరి రావాలి. దాన్ని బదులు అంటారు. బయటి మనిషిని పిలిస్తే రోజుకు మూడువందల యాభై, ఆటో కిరాయి వేరే. పోయినసారి క్వింటాలు ఇరవై వేలు పలికిన మిర్చి ఈసారి పదకొండు వేలు దాటలేదు. బదులే లేకపోతే ఈ కాయ చెట్టుమీదే ఎండిపోయేది.

బొడ్లో దోపుకున్న ఫోను మోగింది. కూతురు భాను.

"యాడీ, జల్దీ రా. సార్ వచ్చి గంటయింది. నువ్వు లేంది మీటింగ్ షురూ చెయ్యరట."

యాడి అంటే లంబాడీల ఇళ్ళల్లో అమ్మ.

"కాయ చెట్టుకే ఉన్నది. పొద్దుగూకినంక పెట్టుకొమ్మను."

"సార్‌కు కొత్తగూడెంల పనున్నదట. రా యాడీ, నా మాట విను."

నా మాట విను అని భాను అన్నప్పుడల్లా ఆ మాట భానుది కాదని కమ్లికి అనుమానం. ఆర్నెల్లుగా ఆ అనుమానం ముదురుతూనే ఉంది. భాను మణుగూరులో డిగ్రీ చదివి, రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, జామాయిల్ తోటలు పెంచే కంపెనీలో చేరింది. నెలకు పన్నెండు వేలు. పని టెంపరరీ. తండా వాళ్ళ గట్టు మీది పోడు భూమి అరవై నాలుగెకరాలు ముప్పై ఏళ్ళకు కంపెనీ చేతికొస్తే, అది పర్మనెంటు అవుతుంది. పోడు పట్టా భూమి అమ్మకూడదు, కొనకూడదు కాబట్టి దానికి 'ఒప్పందం' అని పేరు పెట్టుకున్నారు. ఆ కాగితం మీద తండా మహిళా సంఘం అధ్యక్షురాలిగా కమ్లి మొదట వేలిముద్ర వెయ్యాలి. ఆమె వేస్తే మిగతా వాళ్ళు వేస్తారు. ఇంతకుముందు బోరు కాగితాలకూ, బడి గది కాగితాలకూ అలాగే జరిగింది.

"నడువుండ్రే, పోయొద్దాం," అంది కమ్లి నడుం పట్టుకుని లేస్తూ. "బిస్కెట్లు పంచుతరు. తిందురుగాని."

బిస్కెట్లు కాదు, మోతీచూర్ లడ్డూలు తెచ్చారు. అవి చూడగానే కమ్లి మనసులో లెక్క మొదలుపెట్టింది. టీ పోసేవాడు ఒక సంతకం అడుగుతాడు, మరి లడ్డూ పెట్టేవాడు ఎంత అడుగుతాడో! ఆమె లడ్డూ తీసుకుని కొంగున ముడేసుకుంది గాని నోట్లో పెట్టుకోలేదు.

బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ మీద బొమ్మ పడేలా మిషను పెట్టారు. కంపెనీ ఆఫీసరు శ్రీధర్ ఇస్త్రీ చొక్కా మీద చెమట తుడుచుకుంటూ నవ్వాడు. మంచివాడే, మర్యాదస్తుడు, ముసలివాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రోడ్డు తండా లాల్‌సింగ్ కూర్చున్నాడు. కమ్లికి వరసకు మరిది. వాగుకు అటు గట్టున ఉన్న రోడ్డు తండా ఆరేళ్ళ కింద భూమిని ఇదే కంపెనీకి ఇచ్చింది. లాల్‌సింగ్ కొత్త తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళి చూపులకు వచ్చినవాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

గోడ మీద నీలం సముద్రం పడింది. గదిలో వాళ్ళు ఒక్కసారి ఊపిరి పీల్చారు. వాళ్ళలో చాలామంది గోదావరి తప్ప అంతకన్నా పెద్ద నీళ్ళు చూడలేదు.

"చూడండమ్మా, ఇవి పసిఫిక్ సముద్రంలో దీవులు," అన్నాడు శ్రీధర్. "రెండు చోట్లా ఒకటే జాతి, ఒకటే భాష, ఒకరికొకరు చుట్టాలు. పేరు కూడా ఒకటే, సమోవా. నూటపాతికేళ్ళ కింద తెల్లవాళ్ళు పంచుకున్నారు. తూర్పు వైపుది అమెరికా కిందికి పోయింది. పడమటిది ఇప్పుడు సొంత దేశం. మధ్యలో పూట ప్రయాణం కూడా లేదు. కానీ తూర్పున శనివారమైతే పడమట ఆదివారం. తారీఖులు అట్లా పెట్టుకున్నారు."

గుమ్మం దగ్గర కూర్చున్న ముసలి జంపయ్య చెవి ఒగ్గాడు. "అయితే సారూ, ఇటోడు అటు పెండ్లికి పోతే బువ్వలు అయిపోయి ఉంటయా?"

అందరూ నవ్వారు. శ్రీధర్ కూడా నవ్వాడు. కమ్లి నవ్వలేదు. నవ్వించాక అడిగేది ఏదో ఉంటుంది.

బొమ్మలు మారుతున్నాయి. తెల్ల గౌన్లు, తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు పొడుగు బల్లల ముందు నిలబడి చేపలు శుభ్రం చేస్తున్నారు. తూర్పు దీవిలో చేపలు డబ్బాల్లో పెట్టి అమెరికాకు పంపే ఫ్యాక్టరీ ఉందనీ, గంటకు ఇంత అని డాలర్లలో జీతమనీ శ్రీధర్ చెప్పాడు. పడమటి దీవిలో కొబ్బరి, చామగడ్డ, చేపలు. న్యూజిలాండ్ పోయిన పిల్లలు పంపితే డబ్బు. తూర్పు మనిషి సంపాదన పడమటి మనిషికి మూడింతలు. పడమటి వాళ్ళే పని వెతుక్కుంటూ తూర్పుకు వస్తారు.

"మనవాళ్ళే గదా అని ఎవరూ ఆగలేదమ్మా. అవకాశం ఎటుంటే అటు పోయారు. ఇప్పుడు మన దగ్గరికి వద్దాం."

ఈసారి గోడ మీద పడ్డవి రెండు తండాలు. రోడ్డు తండా డాబా ఇళ్ళు, బళ్ళు. కుటుంబానికి ఏడాది ఆదాయం లక్షా ఎనభై వేలు. పక్కన వాగు తండా, అరవై రెండు వేలు. దాని కింద కమ్లి ఫోటో. ఇంటి ముందు మంచంలో కూర్చుని ఉంది. జ్వరమొచ్చి పడుకుని లేచిన రోజు భాను తీసిన ఫోటో అది. ఫోటో కింద ఎర్ర అక్షరాలు.

"ఏం రాసిన్రే అది?" అని పక్కనున్న కళ్యాణిని అడిగింది కమ్లి. కళ్యాణి పక్కింటి కోడలు పిల్ల, పదో తరగతి చదివింది.

కళ్యాణి తడబడింది. "పని లేని దినాలు... రెండొందల పది, అత్తా."

కమ్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. ఎండాకాలం తునికాకు, తర్వాత దుక్కి, నాట్లు, కలుపు, పత్తి, మిరప. రెండొందల పది రోజులు ఆమె ఎక్కడ కూర్చుంది? ఎవరి ఇంటి ముందు, ఎవరి మంచంలో?

"సార్, నేను పని లేక కూసున్ననని మీకు ఎవలు చెప్పిన్రు?"

"మీరే చెప్పారమ్మా. సర్వేలో. కూలికి ఎన్ని రోజులు పోతారని అడిగితే, మేము కూలికి పోము అన్నారు. తండాలో అందరూ అట్లాగే చెప్పారు. అందుకే సొంత పని పోను మిగతావి ఖాళీ దినాలని రాశాం."

నిజమే, అలాగే చెప్పారు. తలెత్తి మరీ చెప్పారు. సొంత తండాలో ఒకరి దగ్గర ఒకరు కూలి తీసుకోవటం వాళ్ళకు నామోషీ. కూలికి పోము అంటే, చెయ్యి చాపము అని వాళ్ళ లెక్క. ఆ గొప్పే వాళ్ళను సోమరిపోతులను చేసి గోడ మీద నిలబెట్టింది.

"బదులు పోతం సార్," అంది కమ్లి. రెండు చేతులూ ముందుకు పెట్టింది. "ఇగో, ఇప్పుడు గూడ చేన్లకెల్లే వచ్చిన. చేతులు చూడున్రి."

"పోతారమ్మా, కాదనను. కానీ అందులో డబ్బు రాదు కదా. డబ్బు రానిది ఆదాయంలోకి ఎట్లా రాస్తాం?"

"ఆ దీవోళ్ళు చామగడ్డ కొంటరా?"

శ్రీధర్ ఆగాడు. "పడమటి వాళ్ళా? లేదు, వాళ్ళే పండించుకుంటారు."

"గది రాసిన్రా లెక్కల?"

శ్రీధర్ భాను వైపు చూశాడు. భాను లాప్‌టాప్ వైపు చూస్తోంది.

కమ్లి మరిది వైపు తిరిగింది. "తమ్మీ లాల్‌సింగ్, నువ్వు చెప్పు. లక్షా ఎనభై వేలు నిజమేనా?"

లాల్‌సింగ్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "అవ్ వదినా, నిజమే. అబద్ధం కాదు." కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. "మొదట రెండేండ్లు తోటల పని దొరికింది. ఇప్పుడు మిషన్ తోని కొడుతున్రు, ఏడాదికి నలబై రోజులు దొరికితే ఎక్కువ. నేను మణుగూరుల ఆటో తోల్తున్న. వస్తయ్ పైసలు. బియ్యం కొంటం, పప్పు కొంటం, కూరగాయ కొంటం, పాలు గూడ కొంటం. మేకలు అమ్మినం, మేపే జాగ లేదు."

"లాల్‌సింగ్ గారూ, ఇల్లు కట్టుకున్నారు కదా మీరు," అన్నాడు శ్రీధర్ మెత్తగా.

"కట్టుకున్న సార్. ఇల్లు మంచిగనే ఉన్నది."

శ్రీధర్ తొందరపడ్డాడు. బ్యాగులోంచి ఒప్పంద కాగితాలు, సిరా డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. సందేహాలు ఉంటే తర్వాత మాట్లాడుకుందామనీ, ఈ నెల దాటితే కంపెనీ ఇంకో మండలానికి పోతుందనీ, ఎకరాకు ఏడాదికి ఇచ్చే ఎనిమిది వేలూ అక్కడివాళ్ళు తన్నుకుపోతారనీ చెప్పాడు.

కమ్లి బల్ల దగ్గరికి పోయింది. ఆమెకు చదువు రాదు. కానీ చివరి పేజీలో కింద ఉన్నదాన్ని గుర్తుపట్టింది. కింద గీత, గీత కింద రెండు చుక్కలు. భాను తొమ్మిదో తరగతి నుంచి అలాగే సంతకం చేస్తుంది.

"ఇది నీదేనా బిడ్డా?"

"సాక్షి సంతకం," అంది భాను.

"మేము వేలు పెట్టకముందే సాక్షివైనవా?"

కమ్లి వేలిని సిరా డబ్బా మీద ఆనించింది. వేలు నల్లబడింది. కాగితం మీద పెట్టలేదు, వెనక్కీ తీసుకోలేదు. పెడితే కూతురికి పని నిలుస్తుంది. పెట్టకపోతే పిల్ల మళ్ళీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటుంది. ఆ రెండేళ్ళూ భాను అన్నం పళ్ళెం ముందు తలెత్తి తినలేదు. ఆ సంగతి కన్నతల్లికి తెలియనిది కాదు.

"సార్," అంది ఆమె, "ఆ చేపల ఫ్యాక్టరీ దీవిల భూములు ఎవలయి?"

"అది మన టాపిక్ కాదమ్మా."

"ఎవలయి?"

"నాకు గుర్తు లేదు. ప్రభుత్వానివో, కంపెనీవో..."

"కాదు సార్," అంది భాను.

అంత చిన్నగా అన్నా గదిలో అందరికీ వినబడింది. శ్రీధర్ కళ్ళతో వద్దన్నాడు. భాను లేచి నిలబడింది.

"తూర్పు దీవిల గూడ భూమి చానా మట్టుకు కుటుంబాలదే యాడీ. వంశం మొత్తానిది. పెద్దమనిషి ఒక్కడే అమ్ముకోలేడు, బయటోళ్ళకు పోనియ్యరు. రెండు దిక్కుల్ల గట్లనే ఉన్నది. ఫ్యాక్టరీ వచ్చినా గది మార్చుకోలే. రెండు ఫ్యాక్టరీలు ఉండె, రెండువేల తొమ్మిదిల ఒకటి మూసిన్రు. వేల మందికి పని పోయింది. భూమి పోలే." ఊపిరి తీసుకుంది. "ఈ బొమ్మలన్నీ వెతికి పెట్టింది నేనే. గీ ముచ్చట గూడ ఒక బొమ్మల రాసిన. సార్ తీసెయ్యమన్నడు. తీసేసిన."

"భానూ, కూర్చో," అన్నాడు శ్రీధర్.

"కాగితం ఒకసారి ఇవ్వండి సార్."

తల్లికి నచ్చజెబుతుందనుకున్నాడో ఏమో, ఇచ్చాడు. భాను చివరి పేజీ తిప్పి, బల్ల మీద పెట్టి, తన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసింది. సరిపోలేదనిపించి ఇంకొకటి గీసింది. పెన్ను గట్టిగా నొక్కటం వల్ల కాగితం చిరిగింది.

శ్రీధర్ కేకలు వెయ్యలేదు. అతని మొహంలో కోపం కన్నా అలసటే ఎక్కువ కనిపించింది. అతని పైన కూడా ఎవరో ఉంటారు, వాళ్ళు రేపు అడుగుతారు. "కాగితం మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు. సోమవారం వస్తాం," అన్నాడు అందరితో. తర్వాత భానుతో, "నువ్వు రానక్కర్లేదు. ఐడీ కార్డు ఇచ్చెయ్," అన్నాడు. భాను మెడలో తాడు తీసి ఇచ్చింది. లాప్‌టాప్, మిషను, మిగిలిన లడ్డూలు జీపులోకి ఎక్కాయి. లాల్‌సింగ్ కూడా ఎక్కాడు, ఎవరి వైపూ చూడకుండా.

కిటికీలకు కట్టిన దుప్పట్లు ఎవరో లాగేశారు. ఎండ గదిలోకి దూకింది. ఆడవాళ్ళు భాను చుట్టూ చేరారు. మంచి పని చేసినవ్ బిడ్డా అని కళ్యాణి అత్తగారు ఆమె తల నిమిరింది. జంపయ్య గుమ్మం దగ్గర్నుంచే శభాష్ అన్నాడు. భాను ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ తల్లి వైపు చూసింది.

కమ్లి దగ్గరికి రాలేదు. నల్లబడ్డ వేలిని గోడకు రుద్దుతూ దూరంగానే నిలబడింది. కూతురి మీద జాలి లేక కాదు, పన్నెండు వేలు పోయాయన్న బెంగ లేకా కాదు. ఆర్నెల్లు ఈ పిల్ల సర్వే అని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లో ఎంత భూమి, ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు, ఎవరి మొగుడు తాగుతాడు, అన్నీ రాసుకుంది. తండా అంతా దానికి తలుపులు తీసి పెట్టింది, కమ్లి కూతురని. బదులంటే ఏమిటో తెలిసిన పిల్ల అది.

"బిడ్డా," అంది చివరికి. "ఆ బొమ్మ ఒక్కటే తీసేసినవా, ఇంకేమన్న తీసేసినవా?"

భాను తల నిమురుతున్న కళ్యాణి అత్తగారి చెయ్యి ఆగిపోయింది.