దొరసాని గొంతులో వణుకు

మూడువందల పద్దెనిమిదో చుట్టు దగ్గర వైండింగ్ తాత లెక్క తప్పాడు.

ఇది సామాన్యమైన సంగతి కాదు. నలభై నాలుగేళ్లలో, ఆయన మోటార్లకు రాగితీగ చుట్టే ఆ షాపు ముగ్గురు యజమానులను చూసింది. ఒకసారి పైకప్పు కూలింది. మరోసారి పక్క కొట్టు అంటుకుని వీధి వీధంతా పరుగెత్తింది. ఆ మంటనాడు సైతం ఆయన చేతిలో ఉన్న కాయిల్‌కు చివరి ఇరవై చుట్లు పూర్తిచేసి, కొస ముడివేసి, అప్పుడు గాని బయటికి రాలేదు. అంతటివాడు ఇవాళ హ్యాండిల్ ఆపి, రాగితీగ వేళ్ల మధ్య పట్టుకుని, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చుట్టిందంతా విప్పి, ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. ఆ నేరం హ్యాండిల్ మీద మోపాడు.

పెళ్లే చేసుకోని మనిషి తాత ఎలా అయ్యాడన్న శంక ఆ వీధిలో ఎవరికీ రాలేదు. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. కుడి బొటనవేలి మీద రాగితీగ కోసిన గాడి ఉంది. గోళ్లలో వార్నిష్ శాశ్వత నివాసం ఏర్పరచుకుంది. కాలిపోయిన ఫ్యాన్లూ మోటార్లూ ఆయన దగ్గరికి వచ్చి, తిరగడం మళ్లీ నేర్చుకుని వెళ్లిపోతాయి. ఫ్యాన్ కింద హాయిగా పడుకున్నవాడెవడూ దాన్ని చుట్టినవాణ్ణి తలచుకోడు. ఆయన కూడా ఆ గౌరవాన్ని ఎన్నడూ ఆశించలేదు.

ఆయన లెక్క తప్పించింది ఇంట్లో ఉన్న దొరసాని. దొరసాని అంటే మనిషి కాదు, థెరమిన్ అనే వాద్యం. పాత గోడగడియారపు పెట్టె, అందులో ఆయన స్వహస్తాలతో చుట్టిన కాయిల్స్, పైన నిలువుగా ఒక కర్టెన్ కడ్డీ, పక్కన వంచిన రాగితీగ. కడ్డీకి చెయ్యి దగ్గరగా తెస్తే స్వరం పైకెక్కుతుంది, దూరం జరిపితే దిగుతుంది. తీగ మీద రెండో చెయ్యి ఎత్తితే ధ్వని పెరుగుతుంది, దించితే అణుగుతుంది. తాకడం మాత్రం నిషిద్ధం. ఆ బిరుదు అందుకే వచ్చింది. లోపల రెండు కాయిల్స్ మనిషి చెవికి అందనంత ఎత్తులో ఎవరి పాట అవి పాడుకుంటూ ఉంటాయి; ఆ రెండింటికీ ఉన్న తేడా మాత్రమే బయటికి వినిపిస్తుంది. చాలా ఇళ్లలో జరిగేదీ అదే.

బిరుదు ఇచ్చింది అక్క. ఆయన కంటే ఆరేళ్లు పెద్దది. బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లలకు పాటలు నేర్పింది. రెండేళ్ల క్రితం గొంతుకు ఆపరేషన్ జరిగాక ఆమెకు మిగిలింది గుసగుస. తమ్ముణ్ణి తిట్టడానికి గుసగుస పుష్కలంగా సరిపోతుందని ఆమె మర్నాడే నిరూపించింది. పాటకు మాత్రం సరిపోలేదు. ఆమె వంటింట్లో చప్పుడు లేకుండా పెదవులు కదుపుతూ ఉండడం తమ్ముడు కొన్ని నెలలు చూశాడు. ఆ తర్వాత ఒక పాత రేడియో పత్రిక ముందేసుకుని కాయిల్స్ చుట్టడం మొదలుపెట్టాడు.

దొరసాని పాడింది. పల్లవి దివ్యంగా పాడింది. రెండో చరణంలో స్వరం పైకెక్కి నిలబడవలసిన చోట మాత్రం, వారం రోజులుగా, గజగజ వణుకుతోంది. నిన్న అక్క చేతులు దించి చెప్పింది.

"వణికేది పెట్టె కాదురా, నా చెయ్యి. రేపు కూడా ఇంతే అయితే అటక మీద పెట్టెయ్. గొంతు పోతే ఊరుకున్నాను. చెయ్యి కూడా పోయిందని రోజూ నా చెవులతో వినలేను."

ఆ "రేపు" ఇవాళే. మధ్యాహ్నం ఆయన షాపు మూసి ఇంటికి వచ్చాడు. ఇరవై రెండు మెట్లలో పదకొండో మెట్టు మీద ఆగి, గోడ పెచ్చులూడిన చోటును శ్రద్ధగా పరిశీలించాడు. ఊపిరి అందాక పరిశీలన ముగించాడు. భోజనం చేసి విచారణ సంఘాన్ని సమావేశపరిచాడు. సంఘానికి అధ్యక్షుడూ సభ్యుడూ ఆయనే.

బ్యాటరీ మార్చాడు. అతుకులన్నీ కరిగించి మళ్లీ అతికాడు. ఎర్త్ తీగను నీళ్ల గొట్టానికి కొత్తగా బిగించాడు. శ్రుతి మరను తిప్పడానికి ఇనుప స్క్రూడ్రైవర్ పనికిరాదు, అది దగ్గరికి రాగానే దొరసాని కెవ్వుమంటుంది. అందుకని అక్క ప్లాస్టిక్ అల్లిక సూదుల్లో ఒకటి కాజేసి మొన అరగదీశాడు. జతలో మిగిలిన ఒంటి సూదితో స్వెట్టర్ ఎలా అల్లాలో చెప్పమని ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉంది. చివరికి సీసాలో ఉప్పునీళ్లు పోసి, చేతికి బదులుగా, ఆమె చెయ్యి ఉండే ఎత్తున, అంతే దూరంలో వేలాడగట్టాడు. స్వరం గీత గీసినట్టు వచ్చింది.

నీళ్ల సీసా వణకలేదు. సాక్ష్యం మొత్తం అక్క చేతికి ఎదురుతిరిగింది. సంఘం ఆ సాక్ష్యాన్ని తక్షణమే తొక్కిపట్టి, దోషం ఒక పాత అతుకులో ఉండిందనీ, ఇప్పుడది తొలగిందనీ ప్రకటించింది.

అక్క వచ్చి పెట్టె ముందు నిలబడింది. ఆయన చేతికందే దూరంలో తన కుర్చీలో కూర్చున్నాడు. పల్లవి దాటింది, మొదటి చరణం దాటింది. రెండో చరణంలో స్వరం పైకెక్కింది, వణికింది. ఆమె మళ్లీ ఎత్తుకుంది. ఈలోగా టీ పొంగిన వాసన వస్తే ఆయన వంటింట్లోకి పరుగెత్తాడు. స్టవ్ ఆర్పుతూ ఉండగా అవతలి గదిలో ఆ స్వరం వచ్చింది. లాగి కట్టిన దారంలా నిలబడింది.

గ్లాసులతో తిరిగివచ్చి కూర్చున్నాడు. వణికింది. చక్కెర నెపంతో వంటింట్లోకి వెళ్లాడు. నిలబడింది. వచ్చాడు. వణికింది. ఆయన మెల్లగా తల వంచి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. స్వరం పైకి పోతున్నకొద్దీ కుడి మోకాలు, యజమానికి మాట మాత్రం చెప్పకుండా, తాళం వేస్తూ ఎగిరెగిరి పడుతోంది.

"అక్కా, దోషం దొరికింది," అన్నాడు. "అది నేనే."

"అరవై ఏళ్లుగా చెబుతున్నాను," అంది అక్క.

దగ్గర్లో చెయ్యి కదిలినా మోకాలు కదిలినా దొరసానికి ఒకటేనని తెలిశాక ఆమె నవ్వింది. గుసగుస నవ్వు కావడం వల్ల చాలాసేపు సాగింది. ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఆమె పాట ఎత్తుకుంటే వాడు కాలు ఆడించేవాడట. దుప్పటి ఏనాడూ కాలి మీద నిలిచేది కాదట. తర్వాత ఆమె తన కుడిచెయ్యి ముందుకు చాపి, వేళ్లు విడదీసి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చెయ్యి నిలకడగా ఉంది.

"పోయి వంటింట్లో కూర్చుని విను."

"నలభై రోజులు చుట్టింది వంటింట్లో కూర్చోడానికా? ఇక్కడే కూర్చుంటా. కదలను."

"నువ్వా?"

ఆయన సుద్దముక్క తెచ్చి రెండు పాదాల చుట్టూ నేల మీద గీత గీసుకున్నాడు. కూర్చునే వంగి, అల్లిక సూదితో మర తిప్పి, తాను కుర్చీలో ఉన్న లెక్కకు శ్రుతి సరిచేశాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పట్టాభిషేకానికి సిద్ధమైనవాడిలా వెనక్కి వాలాడు. భుజం ఇంకా లాగుతూనే ఉంది గాని, ఆ సమయంలో భుజం మాట వినే తీరిక ఆయనకు లేదు.

అక్క కళ్లు మూసుకుని పాడింది. రెండో చరణం వచ్చింది. స్వరం పైకెక్కింది, నిలబడింది. ఆమె దాన్ని వదలబుద్ధికాక ఇంకొంచెం పట్టుకుంది. ఆ తర్వాత పల్లవికి దిగి, ఆశ తీరక, మొత్తం పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఈసారి ఎక్కడా వెంట్రుకవాసి వణుకు లేదు. జన్మలో మొదటిసారిగా తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడని ఆమెకు నవ్వు వచ్చింది.

"చూశావురా, కదలకపోతే ఎంత బాగుందో," అంది, కళ్లు తెరిచి.

పాదాలు రెండూ సుద్దగీతల్లోనే ఉన్నాయి. కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి. పెదవుల మీద, లెక్క సరిగ్గా కుదిరిన కాయిల్‌ను చూసేటప్పుడు ఉండే తృప్తి ఉంది. దొరసానికి కావలసింది ఎదురుగా ఒక దేహం మాత్రమే, ప్రాణంతో దానికి పని లేదు. కాబట్టి అది ఏమీ గమనించలేదు. అక్క పెట్టె స్విచ్ ఆపి, వచ్చి, ఆయన కుడి మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

ఇప్పటికీ ఆమె రోజూ మధ్యాహ్నం వాయిస్తుంది. కుర్చీ ఖాళీ అయ్యాక శ్రుతి కాస్త దిగింది. మర పావు చుట్టు తిప్పితే సరిపోతుందని ఆమెకు తెలుసు. తిప్పదు, అరడుగు ముందుకు జరిగి నిలబడి పాట ఎత్తుకుంటుంది. పెట్టె పక్కన, మొన అరగదీసిన ఆకుపచ్చ అల్లిక సూది, బొటనవేలు పట్టిన చోట వార్నిష్ మరకతో, ఆయన పెట్టినట్టే ఉంది.