వినపడలేదు మేడం

హవల్దార్ ముత్యం కుర్చీలోంచి లేచి నీళ్లకుండ దగ్గరికి వెళ్లిన నిమిషానికే ఒక లారీ ఆ కుర్చీని తొక్కుకుంటూ వెనక్కి వెళ్లింది.

గోదావరిఖని శివారులో బొగ్గు లారీలు బాగుచేసే షెడ్డు అది. ఫౌజు నుంచి వచ్చాక ముత్యం అక్కడ గేటు కాపలాకు కుదిరాడు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, క్లీనర్ అరుస్తూనే ఉన్నాడు. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి వెనక్కి తిరిగిన ముత్యానికి కుర్చీ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ ముక్కలు కనిపించాయి. "పాతదే, పోతే పోనీ" అని నవ్వేశాడు.

ఎదురుగా చాయ్ హోటల్ నడిపే బుచ్చన్న నవ్వలేదు. సాయంత్రం పాలకు వెళ్తూ ముత్యం భార్య పూలమ్మ దగ్గర ఆగి సంగతంతా చెప్పాడు.

"వదినె, లారీ పక్కకొచ్చినా అన్నకు ఎరుకైతలేదు. జర చూసుకో."

2009 జూలై నాటి మాట ఇది. పూలమ్మకు కొత్తగా తెలిసింది మాత్రం ఏమీ లేదు. ఆరేళ్ల కింద ముత్యం పింఛను కాగితాలతో ఇంటికి వచ్చిన మొదటి వారమే ఆమెకు అర్థమైంది. "అన్నం పెట్టాల్నా?" అని అడిగితే, "పొద్దున్నే పోయింది, ఇంక రాలే" అని కరెంటు గురించి చెప్పాడు. బయటివాళ్ల ముందు మాత్రం దొరికేవాడు కాదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం పోల్చుకునేవాడు, మిగతా సగానికి చిరునవ్వుతో తల ఊపేవాడు. ఒకసారి అట్లా తల ఊపినందుకే వాడకట్టు వినాయక మండపానికి అధ్యక్షుడైపోయాడు.

ముత్యం ఫిరంగి దళంలో పనిచేశాడు. కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్ దగ్గర వాళ్ల గన్ను మూడు వారాలు రాత్రీ పగలూ పేలింది. ఒకరోజు రెండు చెవుల్లోంచి రక్తం కారితే వెనకనున్న వైద్య శిబిరంలో దూది పెట్టి కట్టు కట్టారు. రెండు రోజులు పడుకుని మళ్లీ గన్ను దగ్గరికి వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత పదవీ విరమణ వైద్య పరీక్షలో డాక్టరు ఏమన్నా బాధ ఉందా అని అడిగితే, "ఏం లేదు సర్" అన్నాడు. ఆ సాయంత్రమే అతని రైలు. ఉంది అంటే ఇంకో పది రోజులు ఆగమంటారని భయం.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ పూలమ్మ భర్తకు ఎదురుగా కూర్చుంది.

"మంథనిల ఉమామహేశ్వర్ సారు ఉన్నడట. ఫౌజుల క్లర్కు చేసిన సుబేదారు. దెబ్బలు తాకినోళ్లకు ఫౌజు వేరే పింఛను ఇస్తదట, గా కాయిదాలు ఆయన రాసిస్తడట. ఐతారం పోదాం."

"కాళ్లు పోయినోళ్లను కండ్లార చూసిన. మా గన్ను మీద ఒక పిలగాడు అక్కడ్నే పానం ఇడిసిండు. నాకేమైంది?"

"నీ కుర్చీకైంది నీకు కాకముందే పోదామంటున్న."

ముత్యం ఆ మాట విననట్టే కంచంలోకి చూశాడు. ఆదివారం పొద్దున పూలమ్మ అతని ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ సంచిలో వేసుకుని మంథని బస్సెక్కి కూర్చుంది. డ్రైవర్ బండి స్టార్టు చేశాక, ముత్యం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఎక్కాడు.

ఉమామహేశ్వర్ ఇంటి వసారాలో అప్పటికే ఇద్దరు మాజీ సైనికులు కాగితాలతో ఎదురుచూస్తున్నారు. వాళ్లను పంపించి, ఆయన ముత్యాన్ని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాడు. దినపత్రిక తీసి, చదువుతున్నట్టుగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నీ బిడ్డ పేరేందయ్యా?"

ముత్యం చిరునవ్వు నవ్వాడు. "అవును సాబ్."

ఉమామహేశ్వర్ పత్రిక కిందికి దించి పూలమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"చెవుడు కన్న ఈ అవును సాబే నీకు ఎక్కువ చేటు చేస్తున్నదయ్యా," అన్నాడాయన ఈసారి పెదవులు స్పష్టంగా కదిలిస్తూ. "ఇగో విను. కాదు, చూడు. మనవాళ్లు రెండు తీర్ల చెడగొట్టుకుంటరు. కొందరు ఉన్నది దాస్తరు, సిపాయి కదా, నొప్పి అనొద్దని. కొందరు లేనిది చెప్తరు. డాక్టర్లు ఇద్దరినీ పట్టేస్తరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మంచిగున్న దినం కాదు, అన్నిటికన్న చెడ్డ దినం ఎట్ల గడుస్తదో అది చెప్పాలె."

"కాళ్లు పోయినోళ్ల ముందట చెవుల కోసం అడుక్కోవాల్నంటే మొకం చెల్లుతలేదు సాబ్."

"అడుక్కునుడు ఎక్కడుందయ్యా ఇందుల? నీది నువ్వు అడిగితే వాళ్లకు ఏమన్న తక్కువైతదా?"

"కాదు సాబ్."

"మరి ఇంకేంది?" ఉమామహేశ్వర్ తెల్ల కాగితం తీశాడు. "అసలు కాయిదం చేతి నుంచి ఇడవద్దు, నకలు పంపాలె. పోస్టాఫీసు రశీదు పారెయ్యద్దు. మధ్యల ఎవడన్న వచ్చి నేను చేయించిపెడ్త అంటే వాన్ని ఇంట్లకు రానియ్యద్దు. ఇప్పుడు, చెవులు వినపడక నీకు దినాం ఏమేం ఇబ్బంది అయితదో చెప్పు."

"ఏం లేదు సాబ్, అంతా నడుస్తది."

ఉమామహేశ్వర్ కలం పూలమ్మ వైపు తిప్పాడు. "నువ్వు చెప్పమ్మా."

పూలమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

"ఎన్క నుంచి పిలుసుడు ఎప్పుడో బంద్ చేసిన సారు. ముందట్కి పోయి నిలవడ్త. కరెంటు పోతే ముచ్చట బంద్, మూతి కనపడదు గద. మా మమత కాలేజీ సంగతులు నాకు చెప్తది, నేను ఆయన ముందట కూసోని మల్ల చెప్త. బిడ్డ చెప్పినప్పటి నవ్వు నేను చెప్పంగ రాదు. మా అక్క ఇంట్ల ఒక్క రాత్రి పండక మూడేండ్లాయె. ఇంట్ల ఏమన్నయితే ఈయనకు మెలుకువ రాదని ఫికర్."

ఆమె పెదవుల వైపే చూస్తూ ముత్యం అంతా చదువుకున్నాడు. ఇందులో సగం అతనికి తెలియదు. తనకు వినపడని లోకం బయట ఎక్కడో ఉందనుకున్నాడు గాని, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు దాన్ని రోజూ మోసి తన ముందు పెడుతున్నారని అనుకోలేదు. ఉమామహేశ్వర్ రాసిన కాగితం తీసుకుని, చదవకుండానే సంతకం పెట్టబోయాడు.

"చదివి పెట్టు," అన్నాడు సుబేదారు. "ఇంకో ముచ్చట మరిచిన. చదవకుండ సంతకం పెట్టద్దు."

రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. యుద్ధకాలంలో చెవులకు గాయమైనట్టు సర్వీసు రికార్డులో ఆధారం దొరకలేదని, ఉంటే పంపమని. ముత్యం ఆ ఉత్తరాన్ని మడిచి ట్రంకులో వేయబోతే పూలమ్మ లాక్కుని మళ్లీ మంథని బస్సెక్కింది.

ఉమామహేశ్వర్ దాన్ని చదివి సంతోషించాడు. "మంచిదేనమ్మా. ఏది లేదో వాళ్లే చెప్పిన్రు. అదొక్కటి తెస్తే అయిపాయె. ఆ దినం మీవాని పక్కన ఎవరుండిరో అడుగు."

పక్కన ఉన్నది దిల్‌బాగ్ సింగ్, గన్ను దళానికి నాయకుడు. ఇప్పుడు పంజాబులో సొంత ఊళ్లో వ్యవసాయం. అతని నంబరు ముత్యం పాత డైరీలో ఉంది. ఫోనులో పెదవులు కనపడవు కాబట్టి మాట్లాడే పని పూలమ్మ మీద పడింది. షిఫ్టు బస్సులూ సంతా నేర్పిన ఉర్దూ ఆమెది. గొంతు సవరించుకుని, ఆయనకు చెవులు వినపడవని చెప్పడం మొదలుపెట్టింది.

"భాయీసాబ్, మై ముత్యం కీ ఔరత్ బోల్‌రూ. ఉనో కాన్ సే సుంతే నై."

అవతలి నుంచి పెద్ద గొంతు, "హా హా, గోధుమలు బాగున్నాయి" అని హిందీలో జవాబిచ్చింది.

పూలమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి ఆ గొంతు ఆమె ఆరోగ్యం గురించి తృప్తి వెలిబుచ్చింది. మూడోసారి చెబుతుండగానే ఫోను చేతులు మారింది. అంతా విన్నాక ఒక ఆడమనిషి గొంతు పలికింది. ఆమె దిల్‌బాగ్ భార్య జస్‌వీర్.

"ఈయనకూ వినపడదు అక్కా. ఫోను ఎత్తొద్దంటే వినడు."

పూలమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే నేల మీద కూర్చుంది. అవతల జస్‌వీర్ కూడా నవ్వుతోంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కూరలో ఉప్పు లేదంటే పప్పు బాగుందనే మగవాడితో బతకడం గురించే అందులో ఎక్కువ భాగం. పక్కన కూర్చున్న ముత్యం ఏం చెబుతున్నారో తెలియక పూలమ్మ మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఫోను పెట్టేసి ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీ దిల్‌బాగ్‌కు పింఛను మంజూరై నాలుగేండ్లాయెనట. ఆయన కాయిదాల్ల ఆ దినం దవాఖాన రిజిస్టరు నకలున్నదట. అండ్ల నీ పేరు కూడా ఉన్నట్టుందట. పంపుతనన్నది."

పన్నెండు రోజులకు కవరు వచ్చింది. వైద్య శిబిరం రిజిస్టరులో ఒక పేజీ నకలు, మసకగా. నాలుగో వరుసలో దిల్‌బాగ్ సింగ్. ఆరో వరుసలో ముత్యం నంబరు, పేరు, తేదీ, రెండు చెవుల నుంచి రక్తస్రావం. కింద ఒక డాక్టరు సంతకం. వెంట దిల్‌బాగ్ రాసిన సాక్ష్యపు ఉత్తరం, జస్‌వీర్ పంపిన ఒక డబ్బా పిన్నీ లడ్డూలు. ఇద్దరూ వాటిని మంథని పట్టుకెళ్తే, ఉమామహేశ్వర్ ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు చదివాడు. లోపలున్న భార్యకు కేకేశాడు.

"విశాలాక్షీ, ఇవ్వాళ జరంత పాయసం చెయ్యరాదు?"

"మీకు షుగరు," అంది లోపలినుంచి విశాలాక్షమ్మ.

"నాకు కాదు, వచ్చినవాళ్లకు."

పాయసం వచ్చాక ఆయన కూడా ఒక గిన్నె తాగాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

వైద్య పరీక్షకు డిసెంబరులో సికింద్రాబాద్ మిలిటరీ దవాఖానకు రమ్మన్నారు. ఆ నెల తెలంగాణ అంతా బందులు, రైళ్లు కదల్లేదు. రాలేకపోయిన కారణం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే జనవరి చివర మళ్లీ తేదీ ఇచ్చారు. రామగుండం స్టేషన్‌లో రైలెక్కే ముందు పూలమ్మ ఒకటే చెప్పింది.

"మూతి చూసి గుర్తుపట్టి చెప్పకు. వినపడితేనే చెప్పు."

చిన్న అద్దాల గదిలో ముత్యాన్ని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. అద్దం అవతల ఒక టెక్నీషియన్ యంత్రం ముందు కూర్చున్నాడు. ముత్యం నొక్కాడు. మళ్లీ నొక్కాడు. నాలుగోసారి నొక్కాక తనేం చేస్తున్నాడో అతనికి అర్థమైంది. అవతల టెక్నీషియన్ మోచేయి కదిలినప్పుడల్లా తన వేలు దానంతట అదే కదులుతోంది. పదేళ్ల అలవాటు. ఎవరూ మోసం చేయమనకపోయినా, వినపడుతున్నట్టు మోసం చేస్తున్నాడు.

చెయ్యి ఎత్తి ఆపమని సైగ చేశాడు. కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో లోతుగా సన్నటి గుయ్‌మనే మోత, అది ఎప్పుడూ ఉండేదే. ఇంత నిశ్శబ్దం తనలో ఉందని అతను ఎన్నడూ కూర్చుని చూడలేదు. భయమేసింది. ఆ తర్వాత, విచిత్రంగా, ఒళ్లంతా తేలికైంది. తల ఊపాల్సిన పని లేదు, నవ్వాల్సిన పని లేదు. ఎప్పుడో దూరంగా ఒక బొంగురు చప్పుడు తగిలితే ఒక్కసారి నొక్కాడు.

బయటికి వచ్చాక డాక్టర్ల బోర్డు ముందు నిలబెట్టారు. మధ్యలో కూర్చున్న లేడీ డాక్టర్ మేజర్. ఆమె కాగితాలు చూస్తూ, తల ఎత్తకుండా ఏదో అడిగింది. ముత్యం పెదవుల మీదికి ఎప్పటి మాట వచ్చేసింది. దాన్ని మింగి, అటెన్షన్‌లో నిలబడి చెప్పాడు.

"వినపడలేదు మేడం."

ఆమె తల ఎత్తింది. ఎక్కడా ఎవరి ముందూ అతను అనని మాట అది. ఆమె మాత్రం మామూలుగా తల ఊపి, మొహం అతనికి కనిపించేలా ముందుకు వంగి మళ్లీ అడిగింది.

"ఎప్పటి నుంచి?"

అతను చెప్పాడు. ద్రాస్ చెప్పాడు, కుర్చీ చెప్పాడు, పదవీ విరమణ రోజు తనే ఏం లేదన్న సంగతి కూడా చెప్పాడు. ఆమె రాసుకుంటూ పోయింది.

బయట బల్ల మీద కూర్చున్న పూలమ్మ అతని మొహం చూసి, "ఏమాయె?" అని పెదవులతో అడిగింది.

"వినపడలేదన్న," అన్నాడు ముత్యం. ఆ మాట గట్టిగా వచ్చేసరికి వరండాలో అందరూ తిరిగి చూశారు. అతనికి సిగ్గనిపించలేదు.

వేసవిలో ఉత్తరం వచ్చింది. చెవుడు సర్వీసు వల్ల వచ్చిందేనని ఒప్పుకున్నారు, పింఛను మంజూరైంది. చెవి మిషన్లు దవాఖాన నుంచే ఇస్తామన్నారు. పూలమ్మ మొదట జస్‌వీర్‌కు ఫోను చేసి, తర్వాత ముత్యానికి చెప్పింది. ఆ వారమే ఇల్లు మమతకు అప్పజెప్పి అక్క ఇంటికి వెళ్లి రెండు రాత్రులు ఉండి వచ్చింది. షెడ్డు యజమాని ముత్యాన్ని గేటు నుంచి సామాన్ల గదికి మార్చాడు. అక్కడ లారీలు రావు.

మిషన్లు పెట్టించుకుని వచ్చిన రోజు మధ్యాహ్నం ముత్యం ఇంటి మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. ఎక్కడో గిన్నె పెట్టిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. పూలమ్మ గాజుల చప్పుడు వైపు తిరిగాడు. తర్వాత తల ఎత్తి పైకి చూశాడు.

"ఈ ఫ్యాన్ ఎప్పటి సంది గిట్ల మొత్తుకుంటున్నది?"

"రెండేండ్లాయె నాయినా," అంది మమత పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నీకు చెప్తే, మంచి గాలి ఇస్తున్నది అన్నవు."

అతను ఆ మాటను ఆమె పెదవులు చూడకుండానే విన్నాడు. కాసేపు అట్లాగే నిలబడి, బిడ్డ ఇంకేమన్నా అంటుందేమోనని చూశాడు. ఆమె పేజీ తిప్పింది. ముత్యం స్విచ్చి ఆపి, స్టూలు జరుపుకుని, కుట్టుమిషన్ నూనె డబ్బా కోసం అటక మీద వెతకడం మొదలుపెట్టాడు.