అంచుదాకా

ఏడో కుండ దగ్గర గోపయ్య గొంతుక్కూర్చుని, మూతగా పెట్టిన కొబ్బరిచిప్ప తీసి, మెడదాకా మట్టిలో పాతిన ఆ కుండలోకి చెయ్యి పోనిచ్చాడు. మోచెయ్యి దాకా పోతేగానీ వేళ్లకు తడి తగల్లేదు. పోయిన శనివారం నింపిన కుండ. నిప్పులు చెరిగే ఈ ఎండల్లో వారం తర్వాత కూడా అడుగున నీళ్లున్నాయంటే మాటలా! మురిసిపోయాడు. ఆ వెంటనే మనసు చివుక్కుమంది.

అరవై దాటిన మనిషి. ఎండకు కమిలి నల్లబడ్డ ఒళ్లు, పగిలిన మడమలు, నెత్తికి వెలిసిపోయిన తువ్వాల. కుడిచేతి బొటనవేలు మాత్రం ఎవరికీ లేనట్టు ఉంటుంది. ముందుకు సాగి, అప్పడంలా పలచబడింది. పద్నాలుగేళ్లు రోజూ రెండు పూటలా పైపు మూతిని ఆ వేలితోనే నొక్కి లాన్ మీద నీళ్లు చిమ్మాడు మరి. లాన్ పోయింది, పైపు పోయింది, వేలు అలాగే ఉండిపోయింది.

శంషాబాద్ పక్కన, విమానాలు దిగే దారి కింద ఉంటుంది ఆ విల్లా. ఇల్లు అరుణ మేడంది. భీమవరం వైపు మనిషి, పెద్ద ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండదు. ఇంటి ముందు అంత మేర పచ్చగడ్డి ఉండేది. ఏం గడ్డి అది! పూయదు, కాయదు, కోసి బర్రెకు వేద్దామన్నా నోటికందేంత పెరగనివ్వరు. ఎంత పోసినా ఇంకా పొయ్యమంటుంది. గోపయ్య దాన్ని తిట్టుకుంటూనే ప్రేమించాడు. కారణం ఉంది.

ఆరేళ్ల కిందట చికున్‌గున్యా వచ్చి మూడు రోజులు మంచం దిగలేకపోయాడు. భార్య రాములమ్మ అప్పటికే పోయింది, పిల్లల్లేరు. నాలుగో రోజు పొద్దున గేటు దగ్గరి వాచ్‌మన్ మల్లేశ్వర్, కొత్తూరులోని గోపయ్య రేకుల గది ముందు సైకిల్ ఆపి లోపలికి వంగి చూశాడు.

"గోపన్నా! ఏందే, పాణం మంచిగ లేదా? గడ్డి మొత్తం ఎర్రగైంది. గోపయ్యకేమైందో చూసి రా పో అని మేడం ఒక్కతీరుగ పరేషాన్ అయితున్నది."

గడ్డి ఎండితేనే తను గుర్తొచ్చాడని గోపయ్యకు తెలియక కాదు. అయితేనేం? గడ్డి పేరు మీదనైనా తనను వెతుక్కుంటూ ఒక మనిషి వచ్చాడు. ఆ రోజు జ్వరంలోనే లేచి కూర్చుని, మల్లేశ్వర్‌కు చాయ్ కాచి ఇచ్చాడు. ఇప్పటికీ ఒంటరిగా అన్నం తింటూ ఆ మాటలు నెమరు వేసుకుంటాడు.

తర్వాత బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్లే దిక్కయ్యాయి. తాగే నీళ్లు గడ్డికి పోస్తే ఊరుకునేది లేదని కాలనీ కమిటీ కాగితం అంటించింది. అరుణ లాన్ తీయించేసి తంగేడు, నందివర్ధనం, గన్నేరు, కలబంద పెట్టించింది. గోపయ్య చెయ్యి ఊరుకుంటుందా? పొద్దునా సాయంత్రం తంగేడుకు కూడా గడ్డికి పోసినట్టే పోశాడు. నెల తిరక్కుండా నాలుగు తంగేళ్లు వేరుకుళ్లి చచ్చాయి. రాళ్లలో, బండల్లో, ఎవరూ చుక్క పోయకుండా పెరిగే తంగేడు! తెలంగాణలో తంగేడుకు నీళ్లు పోసి చంపినోణ్ని నేనొక్కణ్నే కావచ్చని సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తల్లి బీరపాదు పక్కన పాతిపెట్టే కుండ. కుమ్మరి దగ్గర పదకొండు కుండలు తెచ్చి మొక్కల మధ్య పాతాడు. మొక్కల మొదళ్లలో ఎండుటాకులు మందంగా పరిచాడు.

"కుండకు చెమట పడుతది మేడం. చెట్టుకు గా చెమట చాలు," అని చెప్పాడు.

చాలింది. ఎంతగా చాలిందంటే, రోజూ వచ్చే గోపయ్య వారానికి ఒక్కసారి వస్తే సరిపోయేటంత.

ఎనిమిదో కుండ నింపుతుండగా అరుణ సూట్‌కేసు లాక్కుంటూ బయటికి వచ్చింది. గేటు బయట క్యాబ్ ఆగి ఉంది.

"గోపయ్య గారూ, ఎంత బాగుందండీ తోట! నీళ్లే అడగట్లేదు. ఇంక పదిహేను రోజులకోసారి వస్తే చాలు కదా? ఈ ఎండల్లో అంత దూరం నుంచి ఎందుకు మీకు శ్రమ. జీతం సంగతి ఆలోచించకండి, అది ఎప్పటిలాగే."

మంచి మాటే. ఆమె మంచి మనిషే. గోపయ్య మాత్రం మనసులోనే రోజులు లెక్కపెట్టుకున్నాడు. మిగిలిన ఆ పద్నాలుగు రోజులు ఏ గోడకు ఆనుకుని కూర్చోవాలి?

"మంచిది మేడం," అన్నాడు. ఆమె రెండడుగులు వేశాక ఆగలేకపోయాడు. "చెట్లు ఎండితే జర ఫోన్ చేస్తరు గద?"

అరుణ వెనక్కి తిరిగి నవ్వింది. "మీరు పెట్టిన చెట్లు ఎండవండీ!"

క్యాబ్ వెళ్లిపోయింది. విమానం ఒకటి నీడను తోట మీదుగా లాక్కుంటూ పోయింది.

తొమ్మిది, పది నిండాయి. గేటు పక్కనున్న పదకొండో కుండ సగం నిండాక గోపయ్య చెంబు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఇక్కడితో ఆపేస్తే? మిగతావాటిలోంచీ కాస్త కాస్త తోడేస్తే? వారానికే ఆకులు వాలతాయి. మేడం కంగారు పడుతుంది. గోపన్నా అంటూ మల్లేశ్వర్ సైకిల్ వస్తుంది.

చెంబు కింద పెట్టాడు. ఎదురుగా నందివర్ధనం కొత్త చిగురు వేసి ఉంది, లేతగా, ఏమీ తెలియకుండా.

"థూ, గిదేం బుద్ధిరా నీది," అని తనను తానే తిట్టుకున్నాడు. లేచి వెళ్లి చెంబు నింపుకొచ్చి, ఆ కుండను అంచుదాకా, పొర్లిపోయేటట్టు నింపాడు. కొబ్బరిచిప్ప బోర్లించాడు. చెంబు కడిగి కొళాయికి తగిలించి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.

సోమవారం మధ్యాహ్నం గది గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పక్క గదివాళ్లు దవాఖానకు తీసుకుపోయారు. గుండె అన్నారు. బుద్వేల్ నుంచి చెల్లెలి కొడుకు వచ్చి జరగాల్సింది జరిపించాడు. గోపయ్య ఎక్కడ పని చేసేవాడో అతనికి తెలియదు.

తోట పచ్చగానే ఉంది. పదిహేను రోజులు దాటాయి. ఊరి నుంచి వచ్చిన అరుణ, తంగేడు పసుపు ముద్దలా పూసి ఉండటం చూసి ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టింది. ఎవరండీ మీ మాలి, మాకూ కావాలి అని అందరూ అడిగారు. సంబరంగా నంబరు ఇచ్చింది. ఫోన్ కలవడం లేదన్నారు. తనూ చేసి చూసి, అప్పుడు మల్లేశ్వర్‌ను పంపింది.

మల్లేశ్వర్ సాయంత్రానికి తిరిగొచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గోపన్న పోయి పదహారు దినాలైందంట మేడం."

"పదహారు రోజులా?" అరుణ తోటవైపు చూసింది. ఒక్క ఆకు కూడా వాడలేదు. "మనకెలా తెలియలేదు మల్లేశ్వర్?"

అతను తల వంచుకున్నాడు. "గడ్డి ఉంటే తెలుస్తుండె మేడం."

ఆమె గేటు పక్కకు నడిచి కూర్చుని, కొబ్బరిచిప్ప తీసింది. కుండ పొడిగా ఉంది. లోపలివైపు, సరిగ్గా అంచు దగ్గర, నిండుగా పోసిన నీళ్లు వదిలిన గీత సన్నగా, తెల్లగా చుట్టూ తిరిగి ఉంది.