చెప్పుల స్టాండు పోస్టాఫీసు

దక్షిణామూర్తి గారు పొట్లం విప్పి కూడా చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి, కవరు మీద అడ్డంగా 'రిఫ్యూజ్డ్' అని రాసి, తేదీ వేసి, కింద పొట్టి సంతకం గిలికి, తెచ్చిన మనిషి చేతికే తిరిగి ఇచ్చేశారు. సామర్లకోట పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్ళు చేసిన పని. చెయ్యి దానంతటదే నడిచింది.

తెచ్చిన మనిషి పర్శరాములు. జెబెల్ అలీ రేవులో గోదాం పని. 2024 ఏప్రిల్‌లో గల్ఫును ముంచెత్తిన ఆ వాన వెలిసి రెండు రోజులైనా, దక్షిణామూర్తి గారి కూతురు కాపురముండే రోలా పేట వెనక వీధుల్లో నడుము లోతు నీళ్ళు నిలిచే ఉన్నాయి. పనికి దారి లేక, ఊరివాళ్ళను కొందరిని పోగేసి ఇంటింటికీ తిండీ మందులూ మోస్తున్నాడు. లిఫ్టు నీళ్ళపాలైంది కాబట్టి తడి ప్యాంటుతోనే ఏడంతస్తులు ఎక్కి వచ్చాడు.

"ఏంది సారూ, ఇంగ్లీషుల రాసిచ్చిన్రు?"

"వద్దని రాశానండీ. నాకేం లోటు లేదని మీవాళ్ళకి చెప్పండి."

"మీ బిడ్డనే మా గ్రూపుల పెట్టింది సారూ. గిదో, జూడున్రి."

ఫోన్లో ఒకటే వరస: '704. సీనియర్. ఒంటరి. బీపీ. సాయం కావాలి.'

పెద్దాయనకి ఒళ్ళు మండింది. కూతురు ఉమామహేశ్వరి, అల్లుడు ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళి రోడ్లు మూసేయడంతో అటే చిక్కుకుపోయిన మాట నిజమే. అంతమాత్రాన తండ్రిని దిక్కులేనివాళ్ళ లిస్టులో ఎక్కించేయాలా? తలుపు వేసుకున్నారు.

నిజం చెప్పాలంటే లోటుంది. బీపీ మాత్రల్లో ఆఖరిది ఆ పొద్దున్నే మింగేశారు. ఒకటి రెండు రోజులు వేసుకోకపోతే కొంప మునగదులే అనుకున్నారు. కిటికీలోంచి చూస్తే కింద దుకాణాలన్నీ సగానికి మునిగే ఉన్నాయి. అయినా అలాగే అనుకున్నారు.

పావుగంట గడిచిందో లేదో, అయిదో అంతస్తులో గోల మొదలైంది. గొంతు కొమురవ్వది. నాలుగిళ్ళలో వంట చేసి బతికే మనిషి, ఏభై దాటినా ఆ గొంతుకు మాత్రం ఇంకా పాతికేళ్ళే. సంగతేమిటంటే 503లో చెక్క అడ్డాలు పెట్టి నాలుగు గదులు చేశారు, నాలుగు సంసారాలు. పొట్లాల మీద ఫ్లాటు నంబరు తప్ప పేరు లేదు. పర్శరాములు తోచిన గుమ్మం ముందు తోచింది పెట్టి పోయాడు. ఓ గదిలో ఉండే తస్లీమా చంటిపిల్ల జ్వరం మందు పక్కగదివాళ్ళకు చేరింది. కొమురవ్వకు మోకాళ్ళ మాత్రల బదులు పాలడబ్బా వచ్చింది.

దక్షిణామూర్తి గారికి కాలు నిలవలేదు. బట్వాడా తప్పుగా జరుగుతుంటే ఊరుకోవడం ఆయన వల్ల కాని పని. రెయిలింగు పట్టుకుని రెండంతస్తులు దిగారు.

"ఏమయ్యా, గుమ్మం ముందు పడేసిపోతే దాన్ని బట్వాడా అంటారా?"

"నంబరు జూసే ఇచ్చిన సారూ. గీ ఒక్క నంబర్ల నాలుగు సంసారాలున్నయని నాకేమెర్క?"

ఆయనకు మాత్రం ఎరుకే. ఒంటరిగా రోడ్డు దాటొద్దని కూతురు ఆంక్ష పెట్టడంతో రోజూ సాయంత్రం బిల్డింగులోనే అన్ని అంతస్తులూ తిరిగేవారు. ఏ చెక్క అడ్డం వెనక ఎవరుంటారో, ఎవరికి చక్కెర వ్యాధో, ఎవరికి పురుడు దగ్గరపడిందో ఆయన నాలుక చివర ఉంటుంది.

501 ముందున్న ఎనిమిది అరల చెప్పుల స్టాండు మీద ఆయన కన్ను పడింది. చెప్పులన్నీ గోడవారకి దింపించి, తడిగుడ్డతో తుడిపించారు. మనుషులుండే ఏడంతస్తులకూ తలో అర. అన్నిటికన్నా కింది అర, ఎవరూ పుచ్చుకోని పొట్లాలకు. ప్రతి పొట్లం మీదా ఫ్లాటు, గది, మనిషి పేరు రాసి అరల్లో సర్దారు. ఒక నోటు పుస్తకం తెప్పించి గీతలు కొట్టారు.

"మనిషి చేతిలో పెట్టి సంతకం తీసుకోండి. సంతకం లేకపోతే ఇచ్చినట్టు కాదు."

"ఖలాస్ సారూ, మీరు జెప్పినట్టే," అన్నాడు పర్శరాములు. అతని తలనొప్పి సగం దిగింది.

కొమురవ్వ మాత్రం తన పొట్లం ముందు నిలబడిపోయింది. "పదిమందికి వండి పెట్టేదాన్ని సారూ. ఒకలిస్తే తీస్కునుడు నాకు సిగ్గైతది."

"నీ పేరున వచ్చింది, నీదేనమ్మా. పుచ్చుకోవడంలో సిగ్గేముంది? ఇదిగో, ఇక్కడ."

కొమురవ్వ వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రం పర్శరాములు ఆయనకొక పసుపుపచ్చ కోటు తొడిగాడు, వలంటీర్లందరికీ ఉండేదే. భుజాల దగ్గర వదులైనా, దాన్ని తొడుక్కున్నప్పుడు దక్షిణామూర్తి గారికి కలిగిన ఆనందం రిటైరైననాడు శాలువా కప్పినప్పుడు కూడా కలగలేదు. ఫొటో తీసి కూతురికి పంపారు.

మర్నాడు పనితో ఊపిరి సలపలేదు. మధ్యాహ్నానికి పై అరలన్నీ దాదాపు ఖాళీ అయ్యాయి. కిందికి వంగి లేవబోయిన దక్షిణామూర్తి గారికి కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. కొమురవ్వ చూసింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింది అరలో ఒంటరిగా మిగిలిన కవరు తీసింది.

"గిదెవలిది సారూ?"

పర్శరాములు తొంగిచూశాడు. "704. బీపీ గోలీలు. సారు నిన్న మల్ల తిప్పి పంపిన్రు."

"పుచ్చుకోనిది పంపినవాళ్ళకే పోవాలమ్మా. రూలది," అన్నారు దక్షిణామూర్తి గారు, నీరసంగా.

"ఏడికి పంపుతవ్? తొవ్వంత నీళ్ళాయె." కొమురవ్వ నోటు పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "పేరున వస్తే పుచ్చుకునుడుల సిగ్గేందని నిన్న నువ్వే అంటివి. నీ మాట మీదనే గద నేను ఏలుముద్ర ఏసిన. నాకు లేని సిగ్గు నీకేంది సారూ?"

దక్షిణామూర్తి గారికి ముందు సిగ్గేసింది. తర్వాత, పట్టుబడిపోయినందుకు హాయిగా కూడా అనిపించింది. కవరు మీద తను రాసిన 'రిఫ్యూజ్డ్' కొట్టేసి, పక్కన 'అందింది' అని రాశారు. పుస్తకంలో ఈసారి పొట్టి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా నిండు సంతకం పెట్టారు. కొమురవ్వ ఇచ్చిన నీళ్ళతో మాత్ర మింగి, ఆమె లేవమనేదాకా బుద్ధిగా కూర్చున్నారు.

తల తిరుగుడు తగ్గుతుండగా కూతురు ఫోను చేసింది. "నాన్నా, దారి తెరిచారు, సాయంత్రానికి వచ్చేస్తాం. లిస్టులో పెట్టానని కోపం వచ్చిందిగా, నీ పేరు తీసెయ్యమని చెప్తాలే."

"వద్దమ్మా, ఉండనీ," అన్నారు దక్షిణామూర్తి గారు, కోటు గుండీ సరిచేసుకుంటూ. "ఇచ్చేవాళ్ళ లిస్టులోనూ ఉంటాను, పుచ్చుకునేవాళ్ళ లిస్టులోనూ ఉంటాను. ఇక్కడ అందరం రెండింట్లోనూ ఉన్నాం. సరే, పెట్టేస్తున్నా, ఆరో అంతస్తువాళ్ళవి రెండు మిగిలిపోయాయి."