తాత గడ్డం, సంఘం పతకం

మా ఊరి గని కార్మికుల సహాయ సంఘానికి నూరేళ్ళు నిండాయి. నిండితే నిండాయి, ఊరుకోవచ్చు కదా. కార్యదర్శి హెడ్లీ పెన్‌బర్తీకి పతకాలు పోయించాలని బుద్ధి పుట్టింది. స్థాపకుడి బొమ్మ ఉండాలన్నాడు. ఆ మహానుభావుడి మొహం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. హెడ్లీ హాలు అటక మీది పాత ఫోటోలు దులిపి, అందరికన్నా పొడుగు గడ్డమున్నవాణ్ణి ఏరి అడిలైడ్ పంపాడు. మా ఊళ్ళో గడ్డాన్ని బట్టే మర్యాద.

వేడుకనాడు హాల్లో నేను టీ పోస్తున్నాను. మా లవ్‌డే అత్త కళ్ళద్దాలు సర్దుకుని హెడ్లీ ఛాతీ మీది పతకం మీదికి వంగింది.

"థర్జా, ఇటు రావే. ఈయనెవరో చెప్పు."

చూశాను. ఈనక్ తాత! మా ఇంట్లో పొయ్యి పైన ఇదే ఫోటో ఉంది.

తాత ఒకప్పుడు సంఘం పెద్ద. గనిలో నడుం దెబ్బతిని, సంఘమిచ్చే భృతి మీద మంచాన పడ్డాడు. భృతి తినేవాడు పొద్దుగూకాక గడప దాటకూడదని నియమం. ఓ రోజు చీకటి పడ్డాక పక్కింటి పంది బావిలో పడి గగ్గోలు పెడుతుంటే, నడుం పట్టుకునే వెళ్ళి తాడేసి లాగాడు. ఆ పంది సైలాస్ పెన్‌బర్తీది, అంటే ఈ హెడ్లీ తాతది. రోగులను తనిఖీ చేసే పని కూడా ఆయనదే. పందిని దొడ్లో కట్టేసి, నేరుగా వెళ్ళి ఫిర్యాదు చేశాడు, పుణ్యాత్ముడు.

తాతను వెలివేశారు. ఆయన పోయినప్పుడు శవపేటిక వెనక సంఘం వాళ్ళు ఒక్కరూ నడవలేదు. చిన్నపిల్ల మా అత్త, వాళ్ళమ్మ, ఇద్దరే నడిచారు. ఆ మచ్చ చెరపమని అత్త జీవితమంతా అడుగుతూనే ఉంది. నియమం నియమమేనన్నారు పెన్‌బర్తీలు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఒరే హెడ్లీ, ఈయన మా నాన్నరా," అంది అత్త.

హెడ్లీ గబుక్కున పతకాన్ని చేత్తో మూశాడు. "మెల్లగా, పెద్దమ్మా. బయట బ్యాండు కూడా వచ్చేసింది. ఇప్పుడు తెలిస్తే నా పరువు బజారున పడుద్ది."

"నీ పరువు నాకెందుకుగానీ, ఊరేగింపు ఎక్కడికి?"

"స్థాపకుడి సమాధికి."

"అదెక్కడుందో తెలుసా నీకు?"

"ఆ కాలపు రాళ్ళ మీద పేర్లన్నీ చెరిగిపోయాయి. ఏదో ఒకదాని దగ్గర ఆగుదామనుకున్నాం."

"ఆ ఏదో ఒకటి నేను చూపిస్తాలే. పతకం మీది మనిషి దగ్గరికే పోదాం. పద."

అత్త ముందు, బ్యాండు వెనక, భుజాన పట్టీలతో సంఘమంతా ఆ వెనక. దారి పొడుగునా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. శ్మశానంలో ఒక మూల, కలుపులో మునిగిన రాయి దగ్గర అత్త ఆగింది.

"నాన్నా, సంఘం వచ్చింది. కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకు." తర్వాత వెనక్కి తిరిగింది. "హెడ్లీ, రెండు ముక్కలు మాట్లాడరా."

హెడ్లీ జేబులోంచి ఉపన్యాసం తీశాడు. రాయి మీది పేరు చదివాడు. అత్త వంక చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టోపీ తీశాడు.

"ఆ పంది మా తాతది," అన్నాడు.