దాలమ్మ వాకిట్లో సముద్రం

దాలమ్మ తెల్లారగానే రేవుకి పోయి, తెప్పలు ఒడ్డుకి చేరీచేరగానే కవళ్లో నెత్తళ్లో, ఆ రోజు పడిన చేపలు బేరమాడి, గంపకెత్తుకుని ఉద్దానం ఊళ్ల మీద పడేది. జాలరి పేట దాటితే సరుగుడు తోటలు, అవి దాటితే జీడి తోటలు, ఆ తర్వాత కొబ్బరి నీడల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే రైతుల ఊళ్లు. "సేపలో..." అన్న ఆమె కేక మనిషి కంటే ముందే ఊళ్లోకి వెళ్లేది. ఆ కేక వినబడితే, చేప ముట్టని ఉమామహేష్ గారింటి పిల్లి కూడా వీధిలోకి వచ్చి కూర్చునేదని చెప్పుకునేవారు.

ఎవరి వాకిట్లోనైనా సముద్రం నిలబడి ఉంటే, దాలమ్మ చీర మోకాళ్ల పైకి ఎత్తి దోపుకుని, నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి అరుగు మీద గంప దించేది. ఆ ఇంటివాళ్లతో మాత్రం బేరమాడేది కాదు.

అప్పట్లో ఉద్దానంలో అలాగే జరిగేది. కిడ్నీలు చెడిపోయిన మనిషి ఉన్న ఇంటికి సముద్రం వచ్చేది. తోటల్లోంచి, ఇసుక డొంకల్లోంచి, దారిలో ఎవరి చేనూ తడపకుండా వచ్చి వాకిట్లో మోకాలి లోతున నిలబడేది. చిన్న చిన్న కెరటాలు గడపకి తగిలి వెనక్కి పోతుండేవి. పక్కింటి వాకిలి పొడిగానే ఉండేది. కోళ్లు చూరెక్కి కూర్చునేవి. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి, హారతి పట్టి, "వచ్చావా తల్లీ" అనేవారు. మనిషి పోయాక, శవం వెనకే కొంత దూరం నడిచి, అది తన దారిన తను వెనక్కి వెళ్లిపోయేది.

ఒక ఏడాది ఎండాకాలంలో నారాయణమూర్తి గారింటి నుంచి సముద్రం అలాగే వెళ్లింది. ఆయన కొబ్బరి రైతు. భార్య కాంతమ్మ, కూతురు జయశ్రీ మిగిలారు. జయశ్రీ సర్కారు ఆసుపత్రిలో నర్సు. తండ్రి దినకార్యాలు అవగానే మళ్లీ సంచీ భుజాన వేసుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం దాలమ్మ ఖాళీ గంపతో ఇంటికి వచ్చేసరికి, తన వాకిట్లోనే సముద్రం నిలబడి ఉంది. మొగుడు అప్పలస్వామి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పాదాలు పొంగి, వేళ్లు ఒకదానికొకటి ఒత్తుకుంటున్నాయి.

"ఒచ్చీసినాది దాలీ," అన్నాడు, చుట్టం వచ్చిందని చెప్పినట్టు.

"ఎప్పుడు?"

"నువ్వు అలగెల్లినావు, ఇదిలగొచ్చినాది. నన్ను సూసి ఆగిపోనాది."

మీసం మొలవని వయసు నుంచీ అతను ఆ సముద్రం మీదికి వెళ్లినవాడే. తుఫానులో తెప్ప తిరగబడినప్పుడు కూడా అది అతన్ని ఏమీ చెయ్యలేదు. దాలమ్మ గంప దించింది. మూలనున్న చీపురు తీసుకుని నీళ్లలోకి దిగింది.

"పో! కూడు కోసం నీకాడికి మేమొత్తాం గానీ, మా గుమ్మంలోకి నువ్వు రావడమేటి? సిగ్గు నేదేటే నీకు? ఎల్లు!"

చీపురుతో నీళ్లని కొట్టింది. సముద్రం జానెడు వెనక్కి జరిగింది. అంతకంటే జరగలేదు.

పక్కింటి ముసలమ్మ, అప్పలస్వామికి మేనత్త, అప్పటికే హారతి పళ్లెం పట్టుకుని వచ్చేసింది. "గంగమ్మ తల్లినలాగనకే, కళ్లు పోతాయి! ఇదిగో, హారతట్టు. ఏ జనమలో ఏం పాపం సేసుకున్నామో, అనుబగించాల."

"పిలిసినోల్లు పట్టాల అత్తా హారతి. నాను పిలవనేదు," అంది దాలమ్మ. "పాపం సేసినోడికల్లా కాళ్లు పొంగితే, తాసీల్దారాపీసులో ఒక్కడికీ సెప్పులు పట్టవు."

అప్పలస్వామి నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది.

పలాసలో రైలెక్కి విశాఖపట్నం తీసుకెళ్లింది. పెద్ద డాక్టరు రక్తం తీయించి, స్కానింగు చేయించి, కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు కిడ్నీలూ ఎండిపోయి చిన్నవైపోయాయనీ, ఇక మిషను మీద రక్తం కడిగించుకుంటూ ఉండాలనీ చెప్పాడు.

"ఎందుకొచ్చినాది బాబూ? సుగర్ నేదన్నారు. బీపీ మొన్నటిదాకా నేదన్నారు. సెడలవాటు ఒక్కటీ నేదు."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ వైపు చాలామందికి ఇలాగే వస్తోందమ్మా. ఎందుకో మాకింకా తెలీదు."

తిరుగు రైల్లో కిటికీ దగ్గర మొగుణ్ణి కూర్చోబెట్టి, దాలమ్మ ఆ మాటే నమిలింది. నీళ్లంటారు ఒకరు. తోటల్లో కొట్టే మందులంటారు ఒకరు. ఎండలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి, సాయంత్రం నొప్పులకి మింగే బిళ్లలంటారు ఇంకొకరు. మట్టిలోనే ఏదో ఉందంటారు. ఇంత మంది పోతుంటే తెలీదనడమేమిటి? ఎవరిని అడగాలి?

అప్పట్నుంచి రక్తం కడిగించడానికి రైలు ప్రయాణాలే సరిపోయాయి. అప్పలస్వామి ఎక్కడికి వెళితే సముద్రం అక్కడికి వెళ్లేది. రైల్లో బెంచీ కింద పాదాల ఎత్తున సర్దుకుని కూర్చునేది. తోటి ప్రయాణికులు సామాన్లు పైన పెట్టుకుని, "ఉద్దానమా?" అని అడిగి, కాస్త జరిగి చోటిచ్చేవారు.

జయశ్రీ బీపీ చూడడానికి వారం వారం వచ్చేది. ఒకరోజు పట్టీ చుడుతుంటే గడప వైపు చూసి అడిగింది. "సముద్రం రాకముందు కూడా ఈ గడప తడిగా ఉండేదా దాలమ్మా?"

దాలమ్మకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఏళ్ల కిందటి నుంచీ గడప చెమ్మగిలేది. పొద్దున్నే సన్నటి ఉప్పు చార కనబడితే, మంచు కాబోలని కొంగుతో తుడిచేసేది.

"తుడిసీసేదాన్ని," అంది మెల్లిగా.

"మా అమ్మా అంతే. నాన్నకి ఏమీ లేదనుకునే రోజుల్లో రోజూ తుడిచింది." జయశ్రీ పట్టీ విప్పి మడత పెట్టింది. "కాళ్లు పొంగాక చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండదు. అంతకు ముందే రక్తంలో తెలుస్తుంది. అప్పుడు పట్టుకుంటే చాలాకాలం ఆపొచ్చు. కానీ బాగున్నవాళ్లకి రక్తం ఎవరు తీస్తారు? నేనడిగితే పరీక్ష కిట్లు లేవంటారు."

"నువ్వొక్కర్తివీ అడిగితే అంటారు," అంది దాలమ్మ. ఆ రోజు నుంచి జయశ్రీ ఆమెకి 'పాప' అయింది, ఆమె జయశ్రీకి 'పిన్ని' అయింది.

శీతాకాలంలో హైదరాబాదు నుంచి డాక్టర్లు జీపులో వచ్చారు. ఊరి బడి వరండాలో బల్లలు వేసుకుని, జబ్బు ముదిరినవాళ్ల రక్తం, ఒంటేలు, బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. అంతకు ముందు కూడా ఇలాగే రెండు మూడు జట్లు వచ్చాయి. పట్టుకెళ్లిన సీసాల్లో ఏం తేలిందో ఇన్నాళ్లూ ఎవరూ వచ్చి చెప్పలేదు.

జయశ్రీ ఆ డాక్టర్లలో పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన పేరు లోకనాథం. అలిసిపోయిన మొహం, మెత్తటి గొంతు. "సార్, బాగున్నవాళ్లకి కూడా పరీక్ష చెయ్యండి. ఊరందరికీ," అంది.

"మేము వచ్చింది శాంపిల్స్ కోసమేనమ్మా. అంతమందికి చెయ్యాలంటే పై నుంచి అనుమతి కావాలి. రాసి పంపిస్తాలే."

సీసాలన్నీ పెట్టెలో సర్ది జీపు వెనక పెట్టారు. డ్రైవరు తాళం తిప్పబోయేసరికి, దాలమ్మ జీపు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పలస్వామి కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి పెళ్లాం పక్కన కూలబడ్డాడు. అతని వెనక వచ్చిన సముద్రం జీపు చుట్టూ చేరింది.

అతన్ని చూసి కాంతమ్మ వచ్చింది. ఆమె వెనక, కాళ్లు పొంగినవాళ్లూ వాళ్ల ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరి సముద్రం వాళ్ల వెంట వచ్చి, ముందున్న నీళ్లలో కలిసింది. బడి ముందు మైదానం నిండిపోయింది. జీపు చక్రాలు మునిగాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

లోకనాథం ప్యాంటు మడుచుకుని కిందికి దిగాడు. "ఏం కావాలమ్మా మీకు?"

"నా మొగుడికి ఏటీ వొద్దు బాబూ. ఓడి సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు," అంది దాలమ్మ. అప్పలస్వామి తలూపాడు. "ఈ ఊల్లో ఇంకా కాల్లు పొంగనోల్లున్నారు. ఓల్ల రత్తం తియ్యండి. తీసినాక ఏటున్నాదో ఒచ్చి సెప్పండి."

"కారణం మాకే తెలీనప్పుడు ఏం చెప్పమంటావు?"

"తెలీదని సెప్పడానికైనా తిరిగి రావాల కదా బాబూ! ఎవులొచ్చినారు? మా రత్తం అట్టుకుపోనారు, మా నీల్లట్టుకుపోనారు. నీల్లు తెచ్చే కావిడోడైనా మల్లీ మొకం సూపిత్తాడు."

ఒక కెరటం వచ్చి జీపు తలుపుకి తగిలింది. లోకనాథం జీపు వెనకున్న పెట్టెల వైపు చూశాడు. తర్వాత జయశ్రీని పిలిచాడు.

"పెట్టెలన్నీ దింపించమ్మా. ఉన్న కిట్లతో ఈ ఊరికి చేద్దాం. అనుమతి సంగతి నేను చూసుకుంటాను. ఫలితాలు పట్టుకుని నేనే వస్తాను."

"బాబు మాటిచ్చినాడు, అందరూ ఇన్నారు కదా," అంటూ దాలమ్మ లేచి చీర పిండుకుంది. అప్పుడు నీళ్లు వెనక్కి తీశాయి. ఏ సముద్రం ఆ మనిషి వెనక సర్దుకుంది.

సాయంత్రం వరకూ జనం వరసలో నిలబడ్డారు. జయశ్రీ ఒక్కొక్కరి చేతికి రబ్బరు గొట్టం కట్టి, నరం వెతికి, సూది గుచ్చుతూనే ఉంది. వరండా గచ్చు ఎండకి ఎప్పుడో ఆరిపోయింది. దాలమ్మ కుండతో మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చి ఆగింది. జయశ్రీ చెప్పుల చుట్టూ గచ్చు తడిగా ఉంది. తడి అంచున తెల్లగా, సన్నగా ఉప్పు చార.

"పాపా, నీది తీసుకున్నావేటి?"

"నాకేం పిన్నీ, రాయిలా ఉన్నాను. ఇందాక నీళ్లలో నిలబడ్డాం కదా, చెప్పులు ఆరలేదు."

"అందరియ్యీ ఆరినాయి."

జయశ్రీ కిందికి చూసింది. చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, వేలితో ఆ తడిని తాకి నాలుక మీద పెట్టుకుంది. వరండా స్తంభానికి ఆనుకుని కొంచెం సేపు కళ్లు మూసుకుంది. ఎదురుగా వరసలో ఉన్న కాంతమ్మకి కనబడకుండా దాలమ్మ అడ్డంగా నిలబడింది.

"నీల్లెట్టీసి తుడిసీమంటావా?" అని అడిగింది దాలమ్మ.

"వద్దు," అంది జయశ్రీ. లేచి తన ఎడమ చేతికి తనే రబ్బరు గొట్టం కట్టుకుని, ఒక కొస పళ్లతో బిగించింది. "నువ్వు సీసా పట్టుకో పిన్నీ."

లోకనాథం తిరిగి వస్తాడని ఊళ్లో సగం మంది నమ్మలేదు. ఆయన వచ్చాడు. బడి గదిలో తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినే పిలిచి చెప్పాడు. జయశ్రీని ఆఖర్న పిలిచాడు. కిడ్నీలు వడకట్టి పంపెయ్యాల్సిన క్రియాటినిన్ రక్తంలో ఉండవలసిన దానికంటే కొద్దిగా ఎక్కువ ఉందన్నాడు. ఇప్పుడిప్పుడే మొదలైందన్నాడు. తలనొప్పికి ఆమె మింగుతున్న బిళ్లలు ఆ క్షణం నుంచే మానెయ్యమన్నాడు. ఉప్పు తగ్గించి, ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు తాగుతూ, బీపీ పెరగనివ్వకుండా, క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకుంటే దీన్ని ఇక్కడే నిలబెట్టగలం అన్నాడు.

"పూర్తిగా పోతుందా సార్?"

"పోతుందని చెప్పలేను. ఎందుకొచ్చిందో కూడా చెప్పలేను. కానీ ఈ దశలో నా దగ్గరికి వచ్చిన ఉద్దానం మనిషివి నువ్వే మొదలు."

అప్పలస్వామి మరుసటి వానాకాలం దాకా నెట్టుకొచ్చాడు. అంతకాలం ఉంటాడని ఎవరూ అనుకోలేదు. చివరి రోజుల్లో రైలెక్కనన్నాడు. దాలమ్మ ఇంకా పొద్దున్నా సాయంత్రం చీపురు పట్టుకుని సముద్రాన్ని తిడుతూనే ఉండేది.

"దాలీ, దాన్నింక తిట్టకు. నాను అలిసిపోనాను," అన్నాడు.

"నువ్వు అలిసిపో," అంది, అతని తల ఒళ్లో పెట్టుకుని. "నాను అలవను."

అతను పోయినప్పుడు కూడా ఆమె హారతి పట్టలేదు. పట్టమని ముసలమ్మ అడగలేదు కూడా. కొంతదూరం శవం వెనక నడిచి సముద్రం రేవు దారి పట్టగానే, దాలమ్మ కూడా దాని వెనక తిరిగింది. జుట్టు విరబోసుకుని, అడుగడుక్కీ దాన్ని ముందుకి తోలుతూ, సరుగుడు తోటలు దాటించి, ఇసుక దాటించి, ఆఖరి కెరటం వెళ్లి పెద్ద నీటిలో కలిసేదాకా తరిమింది. ఏడవడం మాత్రం ఇంటికి వచ్చాకే.

కొన్నాళ్లకి మళ్లీ గంప నెత్తికెత్తుకుంది. జయశ్రీ ఊళ్లు తిరిగే రోజుల్లో ఇద్దరూ కలిసే వెళ్లేవారు. గడప చెమ్మగిల్లిన ఇంట్లో ఇప్పుడు ఎవరూ తుడిచేవారు కాదు. "జయమ్మా, ఓపాలి రా," అని కేకేసేవారు. ఆమె వెళ్లి అందరినీ వరసగా కూర్చోబెట్టి రక్తం తీసేది. అది ఎవరి తడో తెలిసేది. అందరూ దక్కలేదు. కొంతమంది దక్కారు.

ఎన్నో ఏళ్లు గడిచాక ఒకనాడు, టెక్కలిలో పరీక్ష చేయించుకుని జయశ్రీ బస్సు దిగేసరికి, దాలమ్మ రోడ్డు పక్కన జీడిచెట్టు నీడలో గంప దించి కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఎంతున్నాది?" అని అక్కణ్ణించే అరిచింది.

"అలాగే ఉంది పిన్నీ. పెరగలేదు."

"అలగే ఉండమను."

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, గుడ్డని చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, గంప వైపు చెయ్యి చూపించింది. జయశ్రీ సంచీ పక్కన పెట్టి, రెండు చేతులా గంప ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టింది.