హీటర్లు బంద్ చెయ్యుండ్రి

గని పెరుగుతూ పెరుగుతూ పాత క్వార్టర్లను మింగేశాక మమ్మల్ని ఈ కాలనీకి మార్చారు. ఇక్కడికి కరెంటు బయటి నుంచి రాదు. సోలార్ పలకలు, బ్యాటరీలు, ఒక డీజిల్ జనరేటరు. ఏది ఎప్పుడు పనిచేయాలో చెప్పేది చివరింటి పక్కనున్న కంట్రోలు డబ్బా.

ఆ రోజు ముసురు. మా ఆయన పోశానికి ఆయాసం ఎక్కువైంది. బతుకంతా బొగ్గుబాయిలో మింగిన దుమ్ము, ఊరుకుంటుందా మరి? ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకు పెట్టి పడుకోబెట్టాను. కరెంటు పోతే వాడే సిలిండరు నింపడానికి పోయింది, ఇంకా రాలేదు.

రెండో షిఫ్టు వాళ్లకు వంటలయ్యే వేళ. ఉన్నట్టుండి మిషను కూతపెట్టి ఆగింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. పోశం పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

చెప్పులైనా తొడగకుండా డబ్బా దగ్గరికి ఉరికాను. దాన్ని చూసుకునే వీరేందర్ తల పట్టుకుని ఉన్నాడు.

"జనరేటర్ లేపరాదు కొడుకా!"

"లేపినా గింత బరువు మొయ్యదవ్వా. మొగులుకు బ్యాటరీలు సగం చచ్చినయ్, అందరు ఒక్కసారే హీటర్లు పెట్టిండ్రు. డబ్బా రెండుసార్లు లైను కలిపి చూసి కొట్టేసింది. మూడోసారి గూడ గట్లనే అయితే లాక్ పడ్తది. జ్యోతినగర్ల ఉండే ఇంజనీరు వచ్చేదాంక కరెంటు రాదిగ. ఒక్క హీటర్ గూడ ఉండొద్దు!"

క్వార్టర్లలో కరెంటు ఊరికే వచ్చేది. అన్నం, కూర, స్నానం నీళ్లు, అన్నీ హీటరు మీదే. స్విచ్చి ఆపాలన్న ధ్యాసే ఎవరికీ ఉండేది కాదు. ఆ అలవాటు సామాన్లతో పాటే ఇక్కడికీ వచ్చింది.

"హీటర్లు బంద్ చెయ్యుండ్రి! పోశం పాణం పోతున్నది!" వాకిలి వాకిలికీ అరుచుకుంటూ పోయాను.

"అన్నం సగమే ఉడికిందత్తా!" అంది పక్కింటి మమత.

"మీ మామ గూడ సగమే ఉన్నడే!"

మమత ప్లగ్గు పీకేసి నాతో ఉరికింది. అందరూ పీకేశారు. డ్యూటీకి పోయిన లింగమూర్తి ఇంటికి మాత్రం తాళం. కిటికీలోంచి చూస్తే హీటరు మీద గిన్నె, స్విచ్చి వేసే ఉంది.

"జల్ది అవ్వా, ఇగ కలుపుతది!" వీరేందర్ కేక.

మమత రాయెత్తి తాళం మీద కొట్టింది. ఊడలేదు. మళ్లీ కొట్టింది. ఏ దేవుడికి మొక్కుతున్నానో నాకే తెలియలేదు. కొండి విరిగింది. మమత లోపలికి దూకి ప్లగ్గు లాగింది.

లింగమూర్తి ఇంట్లో ఫ్యాను మెల్లగా కదిలింది. ఆగలేదు.

ఇంటికి ఎట్లా వచ్చి పడ్డానో! మిషను గుయ్యిమంటోంది. పోశం కళ్లు తెరిచాడు.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? పోలే తియ్."

మిషను మీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాను. వణుకుతున్నది అదో నేనో తెలియలేదు.